లండన్‌లో ఒక వారం: మనిషికో కార్డు, లోపలికోసారి, బయటికోసారి

లండన్ సిటీ బస్సులు 2014 జూలై 6 నుంచి నగదు తీసుకోవడం మానేశాయి. జేబు నిండా పౌండ్లున్నా, సరిగ్గా చిల్లర లెక్కపెట్టి ఇచ్చినా డ్రైవరు ముట్టుకోడు. కండక్టరు ఉండడు. ట్యూబ్‌లో, అంటే అక్కడి మెట్రోలో, కాగితం టికెట్టు ఇప్పటికీ అమ్ముతారు గానీ నడిబొడ్డున రెండు స్టేషన్ల దూరానికి కూడా దాదాపు 7 పౌండ్లవుతుంది. అదే దూరం గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకించి వెళితే దాదాపు 3 పౌండ్లే. కాబట్టి కొత్తగా వెళ్లేవాళ్లు టికెట్టు ఎక్కడ కొనాలో వెతకనక్కర్లేదు. ఏ కార్డు, ఎక్కడ, ఎన్నిసార్లు తాకించాలో తెలిస్తే చాలు. ఖర్చు ఎక్కువైందా తక్కువైందా అన్నది దాని మీదే ఉంటుంది.

ఈ కథనం గురువారం హీత్రూలో దిగి, తర్వాతి బుధవారం తిరుగు విమానం ఎక్కే వారానికి రాసినది. పిల్లల్ని చూడడానికి వెళ్లే అమ్మానాన్నలకూ, కుటుంబంతో చూసిరావడానికి వెళ్లేవాళ్లకూ పనికొస్తుంది. ఇందులోని ధరలు 2025 మార్చిలో అమలైనవి, ఆ తర్వాత మారి ఉండొచ్చు. అవి సాధారణంగా ఏటా మార్చిలో మారుతుంటాయి కనుక బయల్దేరే ముందు నగర రవాణా సంస్థ టీఎఫ్ఎల్ సైటులో ఒకసారి చూసుకోండి.

బయల్దేరే ముందు, ఇంట్లోనే

మొదటి పని మీ బ్యాంకు యాప్‌లో. భారతీయ బ్యాంకులిచ్చే కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ చెల్లింపులు మామూలుగా ఆపేసి ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నియమం అది. రెండూ విడివిడి మీటలు. ఒకటి ఆన్ చేసి రెండోది మరిచిపోతే దుకాణంలో పనిచేసిన కార్డు స్టేషన్ గేటు దగ్గర ఎర్రలైటు చూపిస్తుంది. రోజువారీ పరిమితి సున్నా మీద ఉందేమో కూడా చూడండి. ఇవన్నీ విమానం ఎక్కక ముందే చేసుకోవాలి. లండన్‌లో దిగాక ఓటీపీ రావాలంటే మీ భారతీయ నంబరు అక్కడ పనిచేస్తూ ఉండాలి, ఆ చిక్కు ఎందుకు?

కార్డు మీద నాలుగు అలల గుర్తు ఉండాలి. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ చెల్లుతాయి. రూపే కార్డొక్కటే పట్టుకుని వెళ్లొద్దు. యూపీఐతో గేటు తెరుచుకోదు. పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డు చక్కగా సరిపోతుంది, కానీ అందులో డబ్బు అయిపోనివ్వకూడదు. టీఎఫ్ఎల్ ఆ రోజు ప్రయాణాలన్నీ కలిపి తర్వాత ఒకే మొత్తంగా వసూలు చేస్తుంది. ఆ వసూలు విఫలమైతే బాకీ తీరేదాకా ఆ కార్డును ఏ గేటూ, ఏ బస్సూ అంగీకరించదు. మామూలు క్రెడిట్ కార్డయితే బ్యాంకు 2 నుంచి 3.5 శాతం దాకా విదేశీ మారకపు రుసుము, దాని మీద జీఎస్టీ వేస్తుంది. పది పౌండ్ల ఖర్చు మీద అది పాతిక నుంచి యాభై రూపాయలు, భయపడాల్సిన మొత్తం కాదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం: మనిషికో కార్డు. ఒకే కార్డు తాకించి భార్యాభర్తలిద్దరూ గేటు దాటడానికి వీల్లేదు. యాడ్‌ఆన్ కార్డుకు వేరే నంబరుంటే అది వేరే మనిషిగా లెక్క, కాబట్టి అది సరిపోతుంది. ఎవరి కార్డు వారిదే, వారమంతా అదే. పొద్దున ఒక కార్డు, సాయంత్రం ఇంకొకటి వాడితే రెండింటి లెక్కలూ విడిపోతాయి. లండన్‌లో ఉండే పిల్లలు ఫోన్‌తో తాకిస్తుంటారు. అదే బ్యాంకు కార్డు ఫోన్‌లోనూ ఉన్నా, ఫోన్‌నూ ప్లాస్టిక్ కార్డునూ వ్యవస్థ రెండు వేర్వేరు కార్డులుగా చూస్తుంది. ఫోనైతే ఫోనే, కార్డైతే కార్డే. భారతీయ బ్యాంకు కార్డుతో వెళ్లేవారికి ప్లాస్టిక్ కార్డే నిశ్చింత. అదనంగా ఇంకో కార్డు లోపల దాచుకోండి, అది మొదటిది మొరాయించినప్పటికే.

ఆయిస్టర్ అనే నీలిరంగు కార్డు 2003 నుంచి ఉంది. ముందే డబ్బు నింపుకుని వాడేది. బస్సుల్లో 2012లో, ట్యూబ్‌లో 2014లో బ్యాంకు కార్డుల్ని నేరుగా తీసుకోవడం మొదలయ్యాక పెద్దవాళ్లకు దాని అవసరం బాగా తగ్గింది. ఛార్జీలు రెండింటికీ ఒకటే. పైగా 2025 సెప్టెంబరు నుంచి ఆయిస్టర్ కార్డుకే 10 పౌండ్లు తీసుకుంటున్నారు, అది తిరిగి రాదు. అయినా కొనాల్సిన సందర్భాలు రెండున్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

గురువారం: హీత్రూ నుంచి బస దాకా

హీత్రూ నుంచి నగరంలోకి మూడు రైళ్లు. ఒకే కార్డు మూడింట్లోనూ చెల్లుతుంది కాబట్టే పొరపాటు ఖరీదవుతుంది. పికడిల్లీ లైను ట్యూబ్ అయితే నడిబొడ్డుకు 5.80 పౌండ్లు, గంట కాస్త అటూ ఇటూ. ఎలిజబెత్ లైను దాదాపు 14 పౌండ్లు, పాడింగ్టన్‌కు అరగంట. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది, అప్పటికప్పుడు ఎక్కితే 25 పౌండ్లు. బోర్డులన్నీ ఎక్స్‌ప్రెస్ వైపు ఘనంగా దారి చూపిస్తాయి. ఊదారంగు గుర్తు ఎలిజబెత్‌ది, ముదురు నీలం పికడిల్లీది. గేటు దగ్గర కార్డు తీసే ముందు పైనున్న పేరు చదవండి.

దిగే టెర్మినల్ కూడా లెక్కలోకి వస్తుంది. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వస్తే టెర్మినల్ 3, దోహా మీదుగా ఖతార్ ఎయిర్‌వేస్‌లో వస్తే టెర్మినల్ 4. టెర్మినల్ 2, 3లకు కలిపి ఒకటే ట్యూబ్ స్టేషను. 4కు వేరు, 5కు వేరు. వీటి మధ్య రైలు ప్రయాణం ఉచితం, కానీ గేటు దగ్గర కార్డు తాకించాలి లేదా యంత్రం నుంచి ఉచిత టికెట్టు తీసుకోవాలి.

గేటుకు పసుపురంగు గుండ్రటి రీడర్ కుడిచేతి వైపు ఉంటుంది. పెద్ద పెట్టెలుంటే చివరన ఉండే వెడల్పు గేటుకు వెళ్లండి. పర్సు మొత్తం ఆనించవద్దు. లోపల రెండు మూడు కార్డులుంటే రీడర్ ఏదో ఒకదాన్ని పట్టుకుంటుంది, దిగేటప్పుడు ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అప్పుడు రెండు కార్డుల మీదా సగం సగం ప్రయాణాలు మిగిలిపోయి, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. కార్డు విడిగా తీసి, ఆకుపచ్చ లైటు వెలిగేదాకా ఆనించి ఉంచాలి.

గమ్యం దగ్గర మళ్లీ అదే కార్డు తాకించాలి. రద్దీ వేళ గేట్లు బార్లా తెరిచి ఉంచినా సరే, గేట్లే లేని స్టేషనైనా సరే, రీడర్ వెతికి మరీ తాకించాలి. ఎక్కడ దిగారో తెలియకపోతే వ్యవస్థ మామూలుగా తొమ్మిది పది పౌండ్ల దాకా గరిష్ఠ ఛార్జీ వేస్తుంది, అది రోజువారీ పరిమితిలో కూడా కలవదు. అసలు తాకించకుండా ఎక్కి తనిఖీలో దొరికితే 100 పౌండ్ల జరిమానా, 21 రోజుల్లో కడితే సగం.

బస ఎక్కడ తీసుకోవాలన్నదానికీ ఛార్జీకీ సంబంధముంది. లండన్‌ను మధ్యలోంచి బయటికి వలయాలుగా జోన్లు చేశారు. నడిబొడ్డు 1, హీత్రూ 6. హీత్రూ, జోన్ 1ల మధ్య ఏ వేళ వెళ్లినా రద్దీవేళ ఛార్జీయే వేస్తారు. ఎర్ల్స్ కోర్ట్ స్టేషను 1, 2 జోన్ల సరిహద్దులో ఉంది. సరిహద్దు స్టేషన్లను ప్రయాణికుడికి ఏది లాభమో ఆ జోన్‌లో లెక్కేస్తారు కనుక హీత్రూ నుంచి అక్కడికి ఇంకా చౌక. జోన్ 2లో ఉన్న హామర్‌స్మిత్‌కూ చౌకే. పైగా రెండు స్టేషన్లలోనూ లిఫ్టులున్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. చాలా పాత ట్యూబ్ స్టేషన్లలో మెట్లు తప్పవు. ట్యూబ్ మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తున్న స్టేషన్లనే పెట్టెలతో వెళ్లేటప్పుడు ఎంచుకోండి.

తెలుగు విద్యార్థులు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్‌కు హీత్రూ నుంచి వెళ్లాలంటే పికడిల్లీ లైనులో హామర్‌స్మిత్ లేదా బారన్స్ కోర్ట్ దాకా వచ్చి, అదే ప్లాట్‌ఫాం అవతలి అంచున వచ్చే డిస్ట్రిక్ట్ లైను తూర్పు రైలు ఎక్కాలి. మెట్లెక్కే పనే లేదు. ఒక్క రైలు మార్పుతో ఈస్ట్ హామ్ చేరతారు. ఎలిజబెత్ లైనులో వైట్‌చాపెల్ దాకా వచ్చి మారితే సమయం కలిసొస్తుంది, ఛార్జీ రెట్టింపు దాటుతుంది. రాత్రి బాగా పొద్దుపోయి దిగితే ఎన్9 బస్సు నగరంలోకి తీసుకొస్తుంది, 1.75 పౌండ్లే.

పిల్లల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. 11 ఏళ్ల లోపు పిల్లలకు బస్సులు ఉచితం. ట్యూబ్, డీఎల్ఆర్ అనే చిన్న రైళ్లు, ఓవర్‌గ్రౌండ్ అనే నగర రైళ్లు, ఎలిజబెత్ లైన్లలో డబ్బు కట్టే పెద్దవారొకరి వెంట నలుగురు దాకా ఉచితంగా వెళ్లొచ్చు. వెడల్పు గేటులో మీతోపాటే దాటించండి. 11 నుంచి 15 ఏళ్ల వాళ్లకు ఆయిస్టర్ కొనాలి, మొదటి సందర్భం ఇదే. ఆయిస్టర్ కొన్నాక స్టేషన్ సిబ్బందిని అడిగి ‘యంగ్ విజిటర్’ రాయితీ పెట్టించుకుంటే 14 రోజుల దాకా సగం ఛార్జీ. పిల్లవాణ్ణి పక్కనే ఉంచుకుని అడగండి. బ్యాంకు కార్డు మీద ఈ రాయితీ రాదు. పెద్దవాళ్లకు మాత్రం ఏమీ లేదు. 60 ఏళ్లు దాటినవారి ఉచిత కార్డు లండన్‌లో నివాసముండేవారికే. మన సీనియర్ సిటిజన్ కార్డు చూపించి ప్రయోజనం లేదు.

శుక్రవారం: నడిబొడ్డులో, బస్సూ ట్యూబూ కలిపి

ఈ రోజు తెలుసుకోవాల్సింది రోజువారీ పరిమితి. జోన్ 1, 2లలో ఎన్ని ప్రయాణాలు చేసినా ఆ రోజుకు 8.90 పౌండ్లకు మించి వసూలు చేయరు. బస్సులు మాత్రమే ఎక్కితే పరిమితి 5.25, అంటే మూడు బస్సుల డబ్బు. నాలుగో బస్సు నుంచి ఉచితమే. రోజంటే ఇక్కడ తెల్లవారుజామున 4.30 నుంచి మర్నాడు 4.29 దాకా. ఎవరూ అడగాల్సిన పని లేదు, లెక్క వ్యవస్థే వేసుకుంటుంది. ఒక్కటే షరతు, అన్నిట్లో అదే కార్డు తాకించి ఉండాలి.

రద్దీవేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6.30 – 9.30, సాయంత్రం 4 – 7. లెక్కలోకి వచ్చేది లోపలికి తాకించిన సమయం. జోన్ 1 లోపల తేడా పది పెన్నీలే, 2.90కి బదులు 2.80. జోన్ 2 నుంచి జోన్ 1కి వచ్చేటప్పుడు 3.50కి బదులు 2.90. కాబట్టి 9.25కి గేటు ముందున్నారంటే ఐదు నిమిషాలు ఆగండి, వెనక వచ్చేవారికి అడ్డం లేకుండా పక్కకు నిలబడి. సాయంత్రం వేళ బయటి జోన్ల నుంచి జోన్ 1లోకి వచ్చేవారికి రద్దీ ఛార్జీ వేయరు, జనం అప్పుడు ఎదురు దిశలో వెళుతుంటారు కనుక.

బస్సు పద్ధతి వేరు. ముందు తలుపు దగ్గర ఎక్కి, డ్రైవరు పక్కనున్న రీడర్‌కు ఒక్కసారి తాకించాలి. దిగేటప్పుడు తాకించకూడదు, అవసరమే లేదు. దూరమెంతైనా 1.75. మొదటి బస్సులో తాకించిన గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే అది ఉచితం, మూడోదీ ఉచితమే. మధ్యలో ట్యూబ్ ఎక్కి దిగినా ఈ ఉచితం పోదు. హామర్‌స్మిత్ నుంచి 9వ నంబరు ఎక్కితే కెన్సింగ్టన్, రాయల్ ఆల్బర్ట్ హాల్, హైడ్ పార్క్ కార్నర్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ చేరుస్తుంది. అక్కడ 15వ నంబరు పట్టుకుంటే సెయింట్ పాల్స్ కేథడ్రల్ దాటి టవర్ ఆఫ్ లండన్. మేడ మీద ముందు సీటు దొరికితే ఊరంతా చూపించే బస్సులివి, పర్యాటకుల ప్రత్యేక బస్సుకు కట్టే డబ్బు మిగులుతుంది. రెండో బస్సు గంటలోపు తాకిస్తే మొత్తం ఖర్చు 1.75. ట్రాఫిక్ ఎక్కువుంటే గంట దాటిపోతుందన్నదొక్కటే ఇబ్బంది.

పెద్ద కూడళ్లలో ఒకే పేరుతో పది స్టాపులుంటాయి. ప్రతి స్తంభం పైన ఎర్రటి గుండ్రంలో ఒక అక్షరం రాసి ఉంటుంది. ఫోన్‌లో దారి చూసుకుంటే ‘స్టాప్ కె’ అని చెబుతుంది, ఆ అక్షరమే వెతకండి. బస్సు వస్తుంటే చెయ్యి చాపాలి.

ట్యూబ్‌లో ఒక మాట. మ్యాపులో దూరంగా కనిపించేవన్నీ దూరం కాదు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు నాలుగైదు నిమిషాల నడక. అక్కడ రైలు దిగి లిఫ్టు కోసం నిలబడే సమయంలో నడిచి చేరిపోవచ్చు. లిఫ్టు వద్దనుకుంటే 193 మెట్లు.

గేటు లోపలికి వెళ్లాక మనసు మార్చుకుని అదే స్టేషన్లో బయటికొస్తే కూడా ఛార్జీ పడుతుంది. ఎవరైనా వస్తారని ఎదురుచూడాలంటే గేటుకు ఇవతలే చూడండి. లోపల గంటలు గంటలు కూర్చుంటే ప్రయాణానికి అనుమతించిన సమయం దాటిపోయి గరిష్ఠ ఛార్జీ వేస్తుంది.

శనివారం: గ్రీనిచ్, గేట్లు లేని రైలు

గ్రీనిచ్ చూడాలంటే బ్యాంక్ అనే స్టేషన్ నుంచి లూయిషాం వైపు వెళ్లే డీఎల్ఆర్ ఎక్కి కటీ సార్క్ స్టేషన్‌లో దిగాలి. 1987లో మొదలైన డీఎల్ఆర్‌లో డ్రైవరు గది లేదు, ముందు సీట్లో పిల్లల్ని కూర్చోబెడితే పట్టాలన్నీ వాళ్లవే. కటీ సార్క్ 2, 3 జోన్ల సరిహద్దు, కాబట్టి 8.90 పరిమితి దాటరు.

ఇక్కడ వచ్చే నష్టమంతా గేట్లు లేకపోవడం వల్లే. చాలా డీఎల్ఆర్ స్టేషన్లలో దారికి అడ్డంగా ఏదీ ఉండదు, రీడర్ ఒక స్తంభం మీద పక్కకు నిలబడి ఉంటుంది. జనంతో పాటు నడుచుకుంటూ వీధిలోకి వచ్చేస్తారు. సాయంత్రానికి ఆ ప్రయాణం అసంపూర్ణమని పడుతుంది. కుటుంబంతో వెళితే ప్లాట్‌ఫాం దిగే చోట ఆగి, అందరూ తాకించారో లేదో ఒకరు చూసుకోవడం మంచి పద్ధతి. రైలు మారేటప్పుడు మాత్రం మధ్యలో పసుపు రీడర్‌కు తాకించకూడదు, ఎక్కిన చోటా చివర దిగిన చోటా తప్ప.

తిరుగు దారికి పడవ ఉంది. ‘ఉబర్ బోట్ బై థేమ్స్ క్లిపర్స్’ రేవులో ఇదే కార్డు తాకించి ఎక్కి, దిగే రేవులో తాకించాలి. అయితే దీని ఛార్జీ వేరు, రోజు పరిమితిలో కలవదు. నది మీదుగా వేసిన కేబుల్ కారుదీ అదే తీరు. డబ్బు పెట్టకుండా నది దాటాలంటే కటీ సార్క్ ఓడ పక్కనే గుండ్రటి గుమ్మటం కింద 1902లో తెరిచిన నడక సొరంగముంది. థేమ్స్ అడుగున నడిచి ఐలండ్ గార్డెన్స్‌లో తేలి, అక్కడే డీఎల్ఆర్ ఎక్కొచ్చు.

శని, శుక్రవారాల రాత్రి కొన్ని ట్యూబ్ లైన్లు తెల్లవార్లూ నడుస్తాయి: సెంట్రల్, జూబిలీ, నార్తర్న్, పికడిల్లీ, విక్టోరియా లైన్లలో. పికడిల్లీ రాత్రి రైళ్లు టెర్మినల్ 4కు వెళ్లవు.

ఆదివారం: ఈస్ట్ హామ్

మహాలక్ష్మి ఆలయం, పక్కనే దక్షిణాది భోజనశాలలు. డిస్ట్రిక్ట్ లైను. ఈస్ట్ హామ్ 3, 4 జోన్ల సరిహద్దు కనుక జోన్ 1 నుంచి వెళితే 1–3 పరిమితి వర్తిస్తుంది, 10.50.

శని, ఆదివారాల్లో పట్టాల మరమ్మతులు పెడతారు, లైను సగానికి ఆగిపోవచ్చు. టీఎఫ్ఎల్ గో యాప్‌లో పొద్దున్నే చూడండి. రైలు బదులు వేసిన ప్రత్యేక బస్సులు ఉచితం, వాటిలో తాకించనక్కర్లేదు. రైలు దిగిన స్టేషన్ గేటు దగ్గర మాత్రం తాకించి బయటికి రావాలి.

సోమవారం: వారపు లెక్క, క్యూ గార్డెన్స్, గులాబీ రంగు రీడర్

రోజు పరిమితి లాగే వారపు పరిమితీ ఉంది. 1, 2 జోన్లకు 44.70, బస్సులకు మాత్రమే అయితే 24.70. కానీ ఆ వారం ఎప్పుడూ సోమవారమే మొదలై ఆదివారం ముగుస్తుంది. సోమవారం దిగినవారు రోజూ 8.90 చొప్పున తిరిగితే శుక్రవారానికి 44.50 అవుతుంది. శనివారం ఇరవై పెన్నీలు, ఆదివారం సున్నా. గురువారం దిగినవారికి ఈ లాభం అందదు. గురువారం నుంచి ఆదివారం ఒక వారంలోకి, సోమవారం నుంచి బుధవారం ఇంకో వారంలోకి పోతాయి. ఏ వారంలోనూ 44.70 చేరదు. ఏడు రోజులూ నిండుగా తిరిగితే 62.30.

ఆయిస్టర్ కొనాల్సిన రెండో సందర్భం ఇక్కడ వస్తుంది. ఆయిస్టర్ మీద 7 రోజుల ట్రావెల్‌కార్డు నింపుకోవచ్చు, అది ఏ రోజు మొదలుపెడితే ఆ రోజు నుంచి ఏడు రోజులు. ధర అదే 44.70. కార్డుకు 10 కలిపితే 54.70. ఏడు రోజులూ పరిమితి తాకేలా తిరిగితే 7.60 పౌండ్లు మిగులుతాయి. ఆరు రోజులే అలా తిరిగితే 53.40, అంటే ట్రావెల్‌కార్డే ఎక్కువైంది. మొదటి రోజు విమానం దిగి పడుకునేవారికి, చివరి రోజు పెట్టెలు సర్దేవారికి ఇది గిట్టుబాటు కాదు. బంధువుల ఇంట్లో పాత ఆయిస్టర్ ఉంటే కథ మారుతుంది. కార్డు డబ్బు అక్కర్లేదు కాబట్టి 44.70తో వారం గడుస్తుంది, కార్డులో పాత నిల్వ ఉంటే దానికి గడువు తీరిపోదు. బొమ్మలు వేసి పర్యాటకులకు ముందుగా అమ్మే ‘విజిటర్ ఆయిస్టర్’ మీద మాత్రం ట్రావెల్‌కార్డు నింపడం కుదరదు.

సోమవారం క్యూ గార్డెన్స్ అనే పెద్ద తోటకు వెళ్లడానికి డిస్ట్రిక్ట్ లైను రిచ్‌మండ్ రైలెక్కి క్యూ గార్డెన్స్‌లో దిగాలి. ఉదయం 9.30 దాటాక తాకించండి. సరిహద్దు స్టేషనే, 1–3 పరిమితి.

తిరుగు దారిలో నగరం మధ్యలోకి రాకుండా ఉత్తరం మీదుగా ఓవర్‌గ్రౌండ్ మిల్డ్‌మే లైను ఉంది. ఉదాహరణకు వాల్థమ్‌స్టోలో బంధువులున్నారనుకోండి. క్యూ గార్డెన్స్‌లో మిల్డ్‌మే ఎక్కి హైబరీ అండ్ ఐలింగ్టన్‌లో దిగి విక్టోరియా లైను మారితే జోన్ 1 తగలదు, ఛార్జీ తక్కువ. కానీ గేటు రెండు చివర్లే చూస్తుంది. మధ్యలో ఏ దారిన వెళ్లారో దానికి తెలియదు, జోన్ 1 మీదుగా వెళ్లినట్టు లెక్కవేసే అవకాశముంది. దానికోసమే మారే స్టేషన్లలో గులాబీ రంగు రీడర్లు పెట్టారు. అక్కడ అదే కార్డు తాకిస్తే దారి నమోదవుతుంది. అది లోపలికీ కాదు బయటికీ కాదు, ప్రయాణం తెగదు. తాకించినందుకు అదనంగా డబ్బు పడదు.

ఇంకోలా ఉండే చోట్లూ ఉన్నాయి. హామర్‌స్మిత్‌లో ఒకే పేరుతో రోడ్డుకు అటొకటి ఇటొకటి రెండు స్టేషన్లు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే గేటు దాటి బయటికొచ్చి, రోడ్డు దాటి, మళ్లీ తాకించి లోపలికెళ్లాలి. మధ్యలో కాఫీకి ఆగకుండా వెళితే రెండూ కలిపి ఒకే ప్రయాణంగా లెక్క.

మంగళవారం: హాంప్టన్ కోర్ట్, పరిధి అంచు

హాంప్టన్ కోర్ట్ రాజభవనానికి వాటర్లూ స్టేషన్ నుంచి మామూలు రైలు. హాంప్టన్ కోర్ట్ జోన్ 6, చివరి స్టేషను. ఇదే కార్డు చెల్లుతుంది, రోజంతటికీ కలిపి 16.30 దాటదు. మామూలు రైళ్ల ఛార్జీ పట్టిక ట్యూబ్ పట్టిక కన్నా కాస్త ఎక్కువ, అంతే తేడా.

పెద్ద రైల్వే స్టేషన్లలో ఒకే గేటు గుండా దగ్గరి ఊళ్లకూ, దూరపు ఊళ్లకూ వెళ్లొచ్చు. లోపలికి తాకిస్తే గేటు తెరుచుకుంటుంది, మీరెక్కే రైలు కార్డు పరిధి దాటుతుందో లేదో అది చెప్పదు. ఎలిజబెత్ లైను దీనికి మంచి ఉదాహరణ. పడమటి చివర రెడింగ్ దాకా బ్యాంకు కార్డు చెల్లుతుంది, ఆయిస్టర్ మాత్రం వెస్ట్ డ్రేటన్ దాకానే. ఒకే రైల్లో పక్కపక్క సీట్లలో కూర్చున్న తండ్రికి చెల్లి, ఆయిస్టర్ పట్టుకున్న కొడుకుకు జరిమానా పడొచ్చు. జోన్ల మ్యాపు బయటికి వెళ్లే ప్రతి ప్రయాణానికీ ముందు గమ్యం పేరు టీఎఫ్ఎల్ ఛార్జీల పేజీలో వెతకండి. అక్కడ కనిపించకపోతే కాగితం టికెట్టు కొనాల్సిన చోటు అదే.

గాట్విక్ విమానాశ్రయానికి రెండు కార్డులూ చెల్లుతాయి. అక్కడ కూడా గాట్విక్ ఎక్స్‌ప్రెస్ ఖరీదు, థేమ్స్‌లింక్, సదరన్ రైళ్లు చౌక.

బుధవారం: లెక్క సరిచూసుకుని

పెట్టెలు సర్దే ముందు టీఎఫ్ఎల్ సైటులో ఖాతా తెరిచి కార్డు నంబరు చేర్చండి. వారం రోజుల ప్రయాణాలన్నీ, ఎక్కడ లోపలికి, ఎక్కడ బయటికి, ఏ రోజు ఎంత అన్నది కనిపిస్తాయి. ‘ఇన్‌కంప్లీట్’ అని ఉన్న వరుస ఉంటే అక్కడే ఎక్కడ దిగారో నింపి వాపసు అడగొచ్చు. ఎనిమిది వారాల గడువుంది, ఇంటికొచ్చాక కూడా చేయొచ్చు, కానీ స్టేషన్ పేరు, సమయం గుర్తున్నప్పుడే చేయడం సులువు. ట్యూబ్ లేదా డీఎల్ఆర్ వాళ్ల కారణంగా 15 నిమిషాలు, ఓవర్‌గ్రౌండ్, ఎలిజబెత్ లైన్లలో 30 నిమిషాలు ఆలస్యమైతే ఆ ఛార్జీ కూడా అడగవచ్చు, 28 రోజుల్లోపు.

ఆయిస్టర్‌లో మిగిలిన డబ్బు 10 పౌండ్ల లోపుంటే ట్యూబ్ స్టేషన్ యంత్రంలోనే వెనక్కి తీసుకోవచ్చు. మళ్లీ వచ్చే ఆలోచనుంటే, లేదా వెనక ఇంకో బంధువు బయల్దేరుతుంటే, అలాగే ఉంచేయండి. నిల్వ కేవలం మామూలు డబ్బయితే కార్డు ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఇద్దరూ ఒకేసారి వాడకూడదంతే.

హీత్రూ రైలు ఎక్కేటప్పుడు ముందు పలకపై టెర్మినల్ చదవండి. పికడిల్లీ రైళ్లు కొన్ని టెర్మినల్ 4కు, మిగతావి 5కు వెళతాయి. తప్పు రైలెక్కితే హాటన్ క్రాస్‌లో దిగి అదే ప్లాట్‌ఫాం మీద తర్వాతి రైలు పట్టుకోవచ్చు. పది నిమిషాలు ఎక్కువ చేతిలో ఉంచుకుని బయల్దేరండి. విమానాశ్రయం స్టేషన్లో పెట్టెల హడావుడిలో చాలామంది వెడల్పు గేటు ఎవరో తెరిచి పట్టుకుంటే దాని వెంటే బయటికొచ్చేస్తారు. మీ కార్డు మీరు తాకించండి, ఆకుపచ్చ లైటు చూడండి, అప్పుడు పెట్టె లాగండి.